ఎవరో వాయించిన గిటారు

కొత్త బండి కొంటే గుడికి తీసుకెళ్లి నిమ్మకాయలు తొక్కిస్తాం. కొత్త ఫ్రిజ్ వస్తే పసుపు, కుంకుమ పెట్టి మరీ స్విచ్చి వేస్తాం. మరి పాతది కొంటే? 'సెకండ్ హ్యాండా...' అని ఎదుటివాళ్లు అనకముందే మనమే గొంతు తగ్గించేస్తాం. 'ఏదో తక్కువలో వచ్చిందని తీసుకున్నాం లెండి' అంటూ అడక్కుండానే సంజాయిషీ ఇచ్చుకుంటాం.

ఒక్క సంగీత వాయిద్యాల దగ్గర మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. అమ్మమ్మ వాయించిన వీణ ఇంట్లో ఉందనుకోండి, దాన్ని సెకండ్ హ్యాండ్ అని ఎవరైనా అంటారా? నూజివీడు పనివాళ్లు పనసచెక్కను చెక్కి చేసిన ఆ వీణ రెండు తరాల చేతులు మారి వచ్చిందంటే గొప్పగా చెప్పుకుంటాం. పద్యనాటకాలు ఆడే ఊళ్లలో 'ఈ హార్మోనియం ఫలానా ఆయన వాయించింది' అని చెబితే చాలు, పెట్టె మీద గీతలున్నా, రంగు పోయినా ఎవరూ పట్టించుకోరు. పైగా ఆ గీతల్నే వేలు పెట్టి చూపిస్తారు.

వీణకీ హార్మోనియానికీ దక్కిన ఈ మర్యాద ఎలక్ట్రిక్ గిటారుకి ఎందుకో ఇంకా రాలేదు. అది కుర్రాళ్ల వస్తువని, ఫ్యాషన్ అని, కొంటే తళతళలాడేదే కొనాలని మనకో నమ్మకం. ఆ నమ్మకం ఎంత తప్పో మా కోడూరులోనే నాకు తెలిసొచ్చింది.

'వాయిస్తావా... తగిలిస్తావా?'

రెండేళ్ల క్రితం సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు టీకొట్టు దగ్గర మాటల్లో తెలిసింది, హంసలదీవి వెళ్లే దారిలో ఒకాయన దగ్గర పాత గిటారు ఉందని, అమ్ముతారట అని. దివిసీమలో పెళ్లిళ్లకీ, దసరా పందిళ్లకీ, క్రిస్మస్ ఆరాధనలకీ దాదాపు పాతికేళ్లు ఆర్కెస్ట్రాలో వాయించిన మనిషి. చుట్టుపక్కల అందరూ ఆయన్ని మాస్టారనే పిలుస్తారు.

వెళ్లేసరికి మాస్టారు పంచలో కూర్చుని ఉన్నారు. వచ్చిన పని చెప్పగానే ధర మాట ఎత్తలేదు.

"వాయిస్తావా బాబూ, గోడకి తగిలిస్తావా?" అన్నారు.

"నేర్చుకుంటున్నానండీ మాస్టారూ. మూడు కార్డ్స్ వచ్చు."

"మూడొస్తే సగం సినిమా పాటలు వచ్చినట్టేలే" అని నవ్వి, లోపలికి కేకేసి గిటారు తెప్పించారు. పాత దుప్పటిలో చుట్టి, అటక మీద దాచిన గిటారు.

అటక మీదే ఎందుకని అడిగాను. అప్పుడు చెప్పారు ఉప్పెన సంగతి. 1977 నవంబరు 19న సముద్రం ఊళ్ల మీద పడినప్పుడు ఆయనకి పదిహేడేళ్లు. వాళ్ల నాన్నగారి హార్మోనియం నీళ్లలో నాని, చెక్క ఉబ్బి, బెలోస్ తిత్తి చివికి, పలక్కుండా పోయిందట. "మనుషులే పోయారు, పెట్టెదేముంది అనుకున్నాం. కానీ నాన్న మాత్రం ఆ పెట్టెని చాన్నాళ్లు పారేయలేదు" అన్నారు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఏ వాయిద్యమైనా రాత్రి పడుకునేముందు అటకెక్కాల్సిందే!

వేలమందిని పొట్టన పెట్టుకున్న ఆ ఉప్పెన గురించి దివిసీమలో ఏ ఇంటి గడప తొక్కినా ఏదో ఒక కథ ఉంటుంది. అది ముంచేసిన ఊళ్లలో అంతకుముందు నాటి వస్తువులు కనిపించడం అరుదు. అందుకే ఇక్కడ 'పాతది' అంటే పనికిరానిదని కాదు, నిలబడిందని అర్థం.

గిటారు ధర ఐదు వేలన్నారు. బేరమాడదామనే వెళ్లాను. మరి ఎందుకు అమ్ముతున్నారని అడిగితే ఎడమచెయ్యి చాపి చూపించారు. కీళ్లవాతంతో వేళ్లు వంగడం లేదు. నాకింక బేరం నోటికి రాలేదు.

మచ్చలు చెప్పే కథ

మన దేశంలో తయారైన గివ్‌సన్ గిటారది. మెరూన్ రంగు. ఇంటికి తెచ్చుకుని తీరిగ్గా చూస్తే అదో డైరీలా ఉంది.

కుడి మోచెయ్యి ఆనేచోట రంగు పోయి చెక్క బయటపడింది. నిలబడి గంటలకి గంటలు వాయించిన మనిషని అర్థం. వెనకవైపు బెల్టు బకిల్ గీసిన గీతలు. వీణకి మెట్లుంటాయే, గిటారుకి వాటిలాంటివే ఫ్రెట్లు. మొదటి మూడు ఫ్రెట్ల దగ్గర తీగలు ఒరిసి ఒరిసి చిన్న గుంటలు పడ్డాయి. పన్నెండో ఫ్రెట్ దాటాక మాత్రం కొత్తదానిలా ఉంది. అంటే మాస్టారు సోలోలు వాయించి చప్పట్లు కొట్టించుకున్నవారు కాదు, పాడేవాళ్ల వెనక నిలబడి కార్డ్స్ వేసి పాటను మోసినవారు. ఆ మాట ఆయన నాతో చెప్పలేదు. గిటారు చెప్పింది!

వాల్యూమ్ నాబ్ తిప్పితే చరచరమని చప్పుడు. స్విచ్చి ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి అలుగుతుంది. తీగలు తుప్పెక్కి వేళ్లకి అంటుకుంటున్నాయి. సముద్రానికి దగ్గర్లో ఉండే మా ఊరి ఉప్పుగాలికి సైకిల్ చెయిన్లే నిలవవు, సన్నటి ఉక్కు తీగలెంత?

వైండింగ్ కొట్టు విద్యే!

ఎలక్ట్రిక్ గిటారంటే ఏదో పెద్ద సాంకేతిక విద్య అనుకుంటాం. లోపల ఏముందో చూస్తే ఆశ్చర్యపోతారు. తీగల కింద చిన్న అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగితీగ కొన్ని వేల చుట్లు. దాన్ని పికప్ అంటారు. పైన ఉక్కు తీగ కంపిస్తే కింద అయస్కాంత క్షేత్రం కదులుతుంది, రాగి చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. ఆ కరెంటుని ఆంప్లిఫయర్ పెద్దది చేసి స్పీకర్‌కి పంపుతుంది. అంతే! సైకిల్ డైనమోలో ఉండేదీ ఈ సూత్రమే. మన పొలాల మోటార్లు కాలిపోతే రాగితీగ చుట్టించే వైండింగ్ కొట్టు ఏ ఊళ్లోనైనా ఉంటుంది కదా, ఆ చుట్టలకి ఇది చిట్టి చెల్లెలన్నమాట.

అందుకే మరమ్మతుకి విజయవాడ దాకా పోవాల్సిన పని పడలేదు. అవనిగడ్డలో టీవీలు బాగుచేసే ఒక మెకానిక్ దగ్గరికి పట్టుకెళితే, "టీవీ సౌండు నాబ్ కూడా ఇదేనండీ" అంటూ వెనక మూత విప్పాడు. దుమ్ము దులిపి, క్లీనర్ కొట్టి, ఊడిన వైరు సాల్డరింగ్ చేసి అరగంటలో ఇచ్చేశాడు. మూత లోపలివైపు పెన్సిల్‌తో రాసిన తేదీ ఒకటి కనిపించింది: 1994 మే. మాస్టారుకి ఫోన్ చేసి అడిగితే, "మొదటిసారి నేనే విప్పి బాగుచేసుకున్న రోజది. గుర్తుకి రాసుకున్నా" అన్నారు. మెకానిక్ చేతిలోంచి పెన్సిల్ తీసుకుని దాని కింద నేనూ ఆ రోజు తేదీ వేశాను.

రిపేరు మనిషి పుట్టించిన గిటారు

మాస్టారు అంత తేలిగ్గా విప్పి బిగించుకోగలిగారంటే అందుకో కారణముంది. ఈ తరహా గిటార్లకి మూలపురుషుడు అమెరికాలోని కాలిఫోర్నియాకి చెందిన లియో ఫెండర్. ఆయన సంగీత విద్వాంసుడు కాదు, గిటారు వాయించడం కూడా రాదు. రేడియోలు బాగుచేసే మెకానిక్! 1950ల మొదట్లో ఆయన కంపెనీ తెచ్చిన టెలీకాస్టర్, 1954లో తెచ్చిన స్ట్రాటోకాస్టర్ ప్రపంచ సంగీతాన్నే మార్చేశాయి. ఆ గిటారు మెడని బండకి జిగురుతో అతికించకుండా స్క్రూలతో బిగించాడాయన. పాడైతే విప్పి వేరేది వేసుకోవచ్చు. పికప్పులు, నాబ్‌లు ఏవి పోయినా విడిగా మార్చుకోవచ్చు. రేపు ఇది పాడవుతుంది, ఎవరో బాగుచేయాల్సి వస్తుంది అని ముందే ఆలోచించి చేసిన వస్తువది. ఆ రూపాన్నే ప్రపంచమంతా కాపీ కొట్టింది. మా మాస్టారి గిటారూ ఆ పోలికదే. వాడి పారేసే వస్తువులతో ఇల్లు నిండిపోతున్న ఈ రోజుల్లో ఇంత ముందుచూపు ఎన్నింటికుంది చెప్పండి?

సెకండ్ హ్యాండ్ గిటార్లలో రారాజు అనదగ్గది ఐర్లండ్‌లో ఉంది. 1961 నాటి స్ట్రాటోకాస్టర్. దాన్ని తెప్పించుకున్న మొదటాయన అడిగింది ఎరుపు రంగు, వచ్చింది వేరే రంగు. ఎర్రది రాగానే దీన్ని వదిలించుకున్నాడు. 1963లో కార్క్ నగరంలోని దుకాణంలో అది పదిహేనేళ్ల రోరీ గాలఘర్ కంటపడింది. ధర సుమారు 100 పౌండ్లు. మామూలు కుటుంబపు పిల్లాడికి అది పెద్ద అప్పే. అయినా వాయిదాల మీద కొనేశాడు. తర్వాత ఓసారి దొంగలెత్తుకుపోతే కొన్నాళ్లకి వానలో తడుస్తూ ఒక గుంటలో దొరికింది. చెమటకి, వాడకానికి రంగంతా పోయి చెక్క తేలింది. ఎన్ని కొత్తవి కొనగలిగే స్థితికి వచ్చినా 1995లో చనిపోయేదాకా రోరీ దాన్ని వదల్లేదు. 2024 అక్టోబరులో లండన్‌లో వేలం వేస్తే 8 లక్షల పౌండ్లకు పైనే పలికింది. కొన్నవాళ్లు దాన్ని ఐర్లండ్ జాతీయ మ్యూజియానికి ఇచ్చేశారు. ఒకాయన రంగు నచ్చలేదని వదిలేసిన గిటారు అది!

ఇంకో తమాషా చెప్పనా? ఇప్పుడు పెద్ద కంపెనీలు కొత్త గిటార్లకి కావాలనే రంగు గీకి, మచ్చలు పెట్టి, లోహానికి తుప్పు పట్టించి, మామూలు కొత్తదానికంటే ఎక్కువ ధరకి అమ్ముతున్నాయి. చిరుగుల జీన్సులా అన్నమాట. మాస్టారు పాతికేళ్లు కష్టపడి తెచ్చిన మచ్చల్ని ఫ్యాక్టరీలో ఒక్కపూటలో వేసేస్తున్నారు. మచ్చలైతే వస్తాయి... ఆ పాతికేళ్ల రాత్రుళ్లు ఎక్కణ్నుంచి వస్తాయి?

కొనేముందు...

మీ ఇంట్లో కుర్రాడో, అమ్మాయో గిటారు కావాలని మారాం చేస్తుంటే పాతది చూడటంలో తప్పులేదు. కాకపోతే కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి.

ముందు మెడ చూడండి. గిటారుని కంటికి ఆనించి, దూలం వంకర చూసినట్టు, ఒక చివర్నుంచి రెండో చివరికి చూస్తే వంపు తెలిసిపోతుంది. కొద్దిగా వంగితే భయం లేదు. చాలా గిటార్లలో మెడ లోపల ఒక ఇనుప కడ్డీ ఉంటుంది, తెలిసినవాళ్లు దాన్ని తిప్పి సరిచేస్తారు. మెలి తిరిగినా, బిరడాలుండే తల దగ్గర పగులు కనిపించినా మాత్రం ఆలోచించుకోవాలి.

ప్రతి ఫ్రెట్ దగ్గరా ప్రతి తీగనీ నొక్కి మీటి చూడండి. జిరజిరమని మోగినా, పక్క స్వరం పలికినా ఫ్రెట్లు అరిగి ఉండొచ్చు. బిరడాలు బిగించి పది నిమిషాలు వాయించాక శ్రుతి నిలుస్తోందో లేదో గమనించండి. ఆంప్‌కి తగిలించకుండా ఎలక్ట్రిక్ గిటారు కొనొద్దు. నాబ్‌ల చరచర, వదులైన జాక్, తుప్పెక్కిన తీగలు... ఇవన్నీ కొద్దిపాటి ఖర్చుతో పోయేవే. వాటిని చూసి మంచి గిటారుని వదులుకోకండి.

ఇంటికి తెచ్చాక మరిచిపోకూడనిది ఎర్తింగ్. గిటారు తీగలు వైరు ద్వారా ఆంప్ ఎర్త్‌తో కలిసి ఉంటాయి. ఇంటి వైరింగులో ఎర్త్ లేక, ఆంప్‌లో లోపముంటే తీగలు పట్టుకున్న చేతికి షాక్ కొట్టే ప్రమాదముంది. ఆంప్ ప్లగ్గుకి మూడు పిన్నులుంటే ఒకటి విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్లో దోపే అలవాటు మానాలి. వానాకాలం పందిట్లో, తడి నేల మీద ఉత్త కాళ్లతో వాయించడం అసలే వద్దు.

సముద్రతీరంలో ఉండేవాళ్లు వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తీగలు తుడిస్తే వాటి ఆయుష్షు పెరుగుతుంది.

చివరిగా ఒక మాట. అమ్మేవాళ్లు ఎందుకు అమ్ముతున్నారో కనుక్కోండి. 2020లో కరోనాతో పెళ్లిళ్లూ ఉత్సవాలూ ఆగిపోయినప్పుడు పనుల్లేక వాయిద్యాలు అమ్ముకున్న కళాకారులున్నారు. అలాంటివాళ్ల దగ్గర గీసి గీసి బేరమాడి వెయ్యి మిగుల్చుకుంటే ఆ గిటారు పట్టుకున్నప్పుడల్లా అదే గుర్తొస్తుంది. న్యాయమైన ధర ఇవ్వండి. వీలైతే ఫోన్ నంబరు తీసుకుని, ఓ పాట నేర్చుకున్నాక ఫోన్లో వినిపించండి. వాళ్ల సంతోషం ముందు ఆ వెయ్యి ఏపాటిది?

గుడివాడలో మొదలైన ప్రయాణం

పాత వాయిద్యం సరైన చేతికి చేరితే ఏం జరుగుతుందో మన జిల్లా ఓసారి కళ్లారా చూసింది. పాలకొల్లులో 1969లో పుట్టిన ఒక పిల్లాడు ఆరేళ్ల వయసులో వాళ్ల నాన్న మాండలిన్ చేతిలోకి తీసుకున్నాడు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాయించేవారు. కొడుకు ఆసక్తి చూసి రుద్రరాజు సుబ్బరాజు దగ్గర శిష్యరికంలో పెట్టారు. గురువుగారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు ఆ పాటను తీగల మీద వెతుక్కునేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో ఆ తొమ్మిదేళ్ల పిల్లాడు మొదటి కచేరీ చేశాడు. ఆయనే మాండలిన్ శ్రీనివాస్!

గమకాలు పలకడానికి ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్‌ని ఎంచుకున్నారు. మామూలుగా ఉండే నాలుగు జంట తీగల్ని ఒంటి తీగలుగా మార్చి, మంద్రం కోసం ఐదో తీగ చేర్చుకున్నారు. పికప్పు, ఆంప్లిఫయర్ అన్నీ గిటారులో లాంటివే. 'పాశ్చాత్య వాయిద్యం మీద త్యాగరాజ కృతులా?' అని పెదవి విరిచినవాళ్లే తర్వాత చప్పట్లు కొట్టారు. 1998లో పద్మశ్రీ వచ్చింది. ప్రపంచమంతా తిరిగి వాయించిన ఆయన 2014 సెప్టెంబరు 19న 45 ఏళ్లకే వెళ్లిపోయారు.

ఆ ఇంట్లో మాండలిన్‌ని 'పిల్లలు పాడుచేస్తారు' అని తాళం వేసి ఉంటే? ఆలోచిస్తేనే ఎలాగో ఉంటుంది కదూ!

మన ఇళ్లలో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో. బాబాయి కాలేజీలో కొనుక్కుని ఉద్యోగం వచ్చాక వదిలేసిన గిటారు, తాతయ్య హార్మోనియం, అత్తయ్య పెళ్లికి ముందు వాయించిన వీణ. అటక మీదో, మంచం కిందో ఉంటాయి. జ్ఞాపకమని అమ్మం, విలువైనదని ఎవరికీ ఇవ్వం, తీరిక లేదని వాయించం. ఈలోగా ఉప్పుగాలి, చెమ్మ, చెదలు వాటి పని అవి చేసుకుపోతాయి. వాయిద్యం వాడితే అరుగుతుంది, నిజమే. వాడకపోతే చస్తుంది. అరిగినదాన్ని బాగుచేయొచ్చు.

కాబట్టి ఈ ఆదివారం నిచ్చెన వేసి అటక మీదికోసారి చూడండి. ఏదైనా దొరికితే దింపి, దుమ్ము దులిపి, తీగలు మార్పించండి. ఇంట్లో వాయించేవాళ్లుంటే వాళ్ల చేతికివ్వండి. లేకపోతే వీధిలో నేర్చుకోవాలని తపించే పిల్లలెవరో ఒకరుంటారు, వాళ్లకివ్వండి. ఊరికే ఇవ్వడం ఇష్టం లేకపోతే ఎంతో కొంత ధర చెప్పండి. ఇచ్చేముందు మాత్రం మా మాస్టారు అడిగిన ప్రశ్న మీరూ అడగండి.

వాయిస్తావా, గోడకి తగిలిస్తావా అని!